మళ్ళీ రాయించండి

మొన్న దాచేపల్లిలో మా అక్కయ్యగారింటికి వెళ్ళాను. వాళ్ళత్తగారి సంవత్సరీకం పదిరోజుల్లో ఉంది. ఆవిడ గురించి ఒక పేజీ అచ్చువేయించి బంధువులకు పంచాలని బావగారి కోరిక. రాసే పని మేనల్లుడి నెత్తిన పడింది. వాడు దాన్ని చాట్‌జీపీటీ నెత్తిన పెట్టాడు.

క్షణంలో పేజీ వచ్చింది. ప్రేమకు ప్రతిరూపమట, త్యాగానికి మారుపేరట! దాచేపల్లి గోదావరి ఒడ్డున ఉందట! ఊళ్ళో నాగులేరు పారుతూంటే!

బావగారు చదివి, "ఇందులో మా అమ్మ ఏదిరా?" అన్నారు.

మేనల్లుడు "ఇంకా బాగా రాయి" అని యంత్రానికి చెప్పాడు. గోదావరి అలాగే ఉండి, ఇంకో నాలుగు విశేషణాలు చేరాయి. మూడోసారికి కన్నీటి కెరటాలు కూడా వచ్చాయి.

పాపం, దాన్ని అని ఏం లాభం? ఎన్నో రాతలు చదివి, ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో లెక్కవేసి పేర్చడం దాని పద్ధతి. అందరి అమ్మల గురించీ అందరూ రాసేదే దానికి ముందు తోస్తుంది. 2022 నవంబరులో అది జనం చేతికి వచ్చింది. మరుసటి ఏడే అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారూ మరికొందరూ కలిసి, ఇలాంటి యంత్రాల రాతకు వాటిచేతనే తప్పులు పట్టించి, తిరగరాయించి చూశారు. రాత మెరుగుపడింది. అయితే లోపం ఎక్కడుందో విడమరిచి చెప్పినప్పుడు వచ్చిన ఫలితం, ఊరికే "బాగుచెయ్యి" అంటే రాలేదు.

"ఒరే, బాగా రాయమనకు. ఏమేం తెలియాలో నిన్నే అడగమను," అన్నాను.

అడిగింది. ఆవిడ రోజూ ఏం చేసేవారు? దేనికి కోప్పడేవారు? వాడు తెల్లబోయాడు. నాయనమ్మ చేతిలో పెరిగినవాడు! తండ్రి దగ్గరికి వెళ్ళాడు. మిరపకోతల రోజుల్లో తెల్లవారకముందే కూలీలకు వండిపెట్టేదనీ, తనకు చదువు రాకపోయినా కొడుకు పుస్తకాలన్నిటికీ అట్టలు వేసేదనీ బావగారు చెప్పుకుపోయారు. అక్కయ్య వంటింట్లోంచి వచ్చి, "నన్నెంత సాధించినా, రెండో కాన్పప్పుడు చెంబుడు నీళ్ళు మోయనివ్వలేదు," అని కళ్ళొత్తుకుంది.

అవన్నీ ఇస్తే నాలుగో ప్రతి వచ్చింది. నాగులేరు వచ్చింది, అట్టలు వచ్చాయి, చెంబూ వచ్చింది. కాని చివర, ఆవిడ పోయేముందు అన్న మాటలంటూ ఒక వాక్యం తానే కల్పించింది.

"బాగుంది నాన్నా, ఉంచేద్దామా?" అన్నాడు వాడు.

"బాగానే ఉంది. మా అమ్మ అనలేదు," అన్నారు బావగారు.

"నేను చెప్పనిది చేర్చకు" అని ఐదోసారి రాయించి, ఆ పైన కలం పట్టుకుని వాడే దిద్దుకున్నాడు.

మీరూ రాయించుకోండి, తప్పులేదు. మొదటి ప్రతిని మాత్రం అచ్చుకివ్వకండి. ఆఖరి ప్రతినైనా ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించాకే ఇవ్వండి.