పరిగె ఎవరి సొత్తు?

గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెంలో 1991లో ఒక యూద ప్రార్థనామందిరం వెలసింది. తాము ఎఫ్రాయిము సంతతివారమని విశ్వసించే ఆ తెలుగు కుటుంబాలలో పరుల చేలలో కూలికి వెళ్లేవారే అధికం. వారు పఠించే తోరాలో ఒక విధి ఉంది: కోతవేళ చేని అంచులను యజమాని కోయరాదు, రాలిన పరిగెను ఏరరాదు, అవి పేదకూ పరదేశికీ చెందినవి.

వైదిక సంప్రదాయానికీ పరిగె అపరిచితం కాదు. ఉంఛవృత్తి అంటే అదే. భారతంలో ధర్మరాజు అశ్వమేధాన్ని ముంగిస తక్కువ చేసి మాట్లాడింది, కరవులో అతిథికి పేలపిండి సమర్పించిన ఉంఛవృత్తి విప్రుని తలచుకొనే. అయితే ఈ గాథ ఏరుకొనేవాని తపస్సును కీర్తిస్తుంది. తోరా విధి విడిచిపెట్టవలసినవాని ఋణాన్ని గుర్తుచేస్తుంది. నేటి పత్తి, మిరప చేలకు కావలసింది రెండవదే.

హీబ్రూలో దానాన్ని 'సెదకా' అంటారు; దాని ధాతువుకు అర్థం న్యాయం. తెలుగు యాచకుడూ 'ధర్మం చేయండి' అనే కదా అడిగేది! 12వ శతాబ్ది యూద తత్త్వవేత్త మైమొనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించి, మరల చేయి చాపనక్కరలేకుండా పని కల్పించడాన్ని అన్నింటికన్నా పై మెట్టున నిలిపాడు.

మిరపకోత ముగిసిన చేలో రాలుకాయలు ఏరుకొనే స్త్రీని అదలించి తరిమిన భక్తుడు, సాయంకాలం ఆలయంలో అన్నదానానికి రసీదు వ్రాయించుకొంటాడు. ఆ కాయలు మాత్రం అతని కల్లంలోనే ఎండుతుంటాయి.