నూటికి నూరు వస్తేనే చేతికి సిరంజి

నర్సింగ్ కోర్సులో ఫార్మకాలజీకి సగం మార్కులొస్తే పాస్. పోయిన సగంలో ఏముందో అడిగేవారు లేరు. పోయింది మందుల వర్గీకరణ అయితే తర్వాత పుస్తకం తెరిచి నేర్చుకోవచ్చు. పోయింది డోసు లెక్క అయితే ఆ తప్పు వార్డులో ఎవరో ఒకరి ఒంట్లోకి ఎక్కుతుంది. అందుకే డోసు లెక్కలకు విడిగా పరీక్ష పెట్టాలి. అందులో నూటికి నూరు రాని విద్యార్థిని మందుల ట్రే దగ్గరికి పంపకూడదు. ఎన్ని సార్లైనా రాయనివ్వండి, నేర్పించండి, కానీ తొంభైతో సరిపెట్టవద్దు.

ఇది అత్యాశ కాదు. బ్రిటన్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018 ప్రమాణాల ప్రకారం, మందుల లెక్కల పరీక్షలో 100 శాతం రాకుంటే అక్కడి విద్యార్థికి కోర్సు పూర్తి కాదు. ఆ కొలత లండన్ రోగికి అవసరమైతే తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రికి వచ్చే కూలీకి ఎందుకు అక్కర్లేదు?

ఇన్సులిన్ సంగతే చూడండి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి. డాక్టరు 20 యూనిట్లు రాశారు. 40 వయల్లోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే రోగికి అందేది 8 యూనిట్లే. 100 వయల్లోంచి ఎర్ర మూత సిరంజితో లాగితే ఏకంగా 50. అర్ధరాత్రి షుగర్ పడిపోయి, నిద్రలోనే స్పృహ తప్పినా పక్క మంచం వాళ్లకు తెలియదు. మూత రంగు, వయల్ మీది అంకె కలిపి చూడాలన్న సంగతి మొదటి క్లినికల్ పోస్టింగ్ కంటే ముందే అలవాటైపోవాలి.

పేరు చదవకపోతే ఏమవుతుందో 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లి చూపించింది. టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం రాకుండా పారాసెటమాల్ ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ మాత్రలు చేతిలో పెట్టారు. అది పెద్దవాళ్ల నొప్పికి వాడే మందు, ఊపిరిని మందగింపజేస్తుంది. పిల్లలను వరసగా నీలోఫర్ ఆసుపత్రికి తరలించారు. ఇద్దరు పసికందులు చనిపోయారు. స్టోరు నుంచి తల్లి చేతికి వెళ్లే దారిలో ఒక్కరైనా స్ట్రిప్ మీది పేరు గట్టిగా చదివి ఉంటే ఆ మాత్ర ఇంటికి వెళ్లేది కాదు.

కొల్లేటి లంకల్లో ఈ అవసరం మరీ ఎక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి లంక ఊళ్ల దారులు మునిగాయి. అలాంటి రోజున నిండు గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే, పెద్దాసుపత్రికి పంపేలోపు మొదటి డోసు మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వాల్సింది ఊళ్లో ఉన్న ఏఎన్ఎమ్మే. మొత్తం 10 గ్రాములు, ఒక్కో పిరుదులో 5 చొప్పున. రెండు మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో ఉండేది ఒక్క గ్రాము. అంటే పది ఆంప్యూళ్లు పగలగొట్టాలి. లెక్క మీద పట్టు లేని చెయ్యి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత డోసులకు ముందు మోకాలి రిఫ్లెక్స్, ఊపిరి, మూత్రం చూడాలి. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ దగ్గరుండాలి. చెరువు గట్టు మీద పాము కరిచిన పిల్లాడికి విరుగుడు మందు పెద్దవాళ్లకిచ్చినంతే ఇవ్వాలి, ఎందుకంటే పాము వయసు చూసి విషం తగ్గించదు. ఆ మందు ఎక్కించే ముందే ఎడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఇవన్నీ సిలబస్‌లో ఉన్నవే.

2020 డిసెంబరును ఏలూరు మరచిపోలేదు. ఫిట్స్‌తో, నోట నురగతో ఆరువందల మందికి పైగా రోజుల వ్యవధిలో ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అంత రద్దీలో పుస్తకం తిరగేసే తీరిక ఎవరికుంటుంది? ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్‌ను సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డకడుతుంది. నిమిషానికి 50 మిల్లీగ్రాములకు మించి ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. అలాంటి రోజున ఇవి నోటికి వచ్చి ఉండాలి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సవరించిన బీఎస్సీ సిలబస్‌లో ఫార్మకాలజీని మూడు, నాలుగు సెమిస్టర్లలో పెట్టింది. కాగితం మీద కొరతేమీ లేదు. కొరతంతా వార్డులోనే. స్టాఫ్ నర్సులు చాలని చోట విద్యార్థులను జీతం లేని చేతులుగా వాడుకుంటున్నారు. పక్కన సిస్టర్ లేకుండా విద్యార్థి ఒంటరిగా ఇంజెక్షన్ చేసే పద్ధతి ఇకనైనా ఆగాలి. అందుకు ముందు పోస్టులు నింపాలి. పరీక్ష కఠినం చేసి పోస్టులు ఖాళీగా ఉంచడం ఆ పిల్లలకు చేసే అన్యాయం.

తప్పు జరిగితే సస్పెన్షన్ ఒక్కటే మనకు తెలిసిన మందు. దాంతో చిన్న పొరపాట్లు కేస్ షీట్‌లోనే సమాధి అవుతున్నాయి, పెద్దవి బయటపడేసరికి ప్రాణం పోతోంది. మందు వికటిస్తే నర్సులు కూడా నేరుగా చెప్పడానికి ఫార్మకోవిజిలెన్స్ టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024 ఉంది. ప్రతి నర్సింగ్ స్టేషన్ గోడ మీద అది కనిపించాలి. తనంతట తాను పొరపాటు చెప్పిన విద్యార్థికి శిక్ష ఉండదని కళాశాలలు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోయే పొటాషియం క్లోరైడ్‌ను డిస్టిల్డ్ వాటర్ పక్కన పెట్టే అలమరాలు ఇంకా ఎక్కడున్నా ఖాళీ చేయించాలి.

వచ్చే విద్యా సంవత్సరం నుంచే నూటికి నూరు నిబంధన అమల్లోకి వచ్చేలా ఆరోగ్య విశ్వవిద్యాలయం, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఉత్తర్వులివ్వాలి. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చిన ఏలూరులో బోధించే డాక్టర్లున్నారు, నేర్చుకునే వార్డులున్నాయి. ఉత్తర్వుల కోసం ఎదురుచూడకుండా జిల్లాలోని నర్సింగ్ కళాశాలలన్నీ అక్కడి నుంచే ఈ పరీక్ష మొదలుపెట్టవచ్చు.