మూడు ప్రశ్నలు... మూడు మ్యాపులు

కొడుకో కూతురో లండన్‌లో ఉద్యోగం. ‘ఓసారి వచ్చి చూసెళ్లండి’ అంటూ టికెట్లు పంపిస్తారు. పెద్దవాళ్లు సంబరంగా విమానమెక్కుతారు. సోమవారం పొద్దున పిల్లలు ఆఫీసుకు వెళ్లిపోతారు. ఇక శనివారం దాకా కిటికీలోంచి కనిపించేదే లండన్‌! పైగా ‘ఒక్కరే బయటికి వెళ్లకండి, తప్పిపోతారు’ అన్న హెచ్చరిక ఒకటి. సర్వీసులో ఉండగా దేశమంతా తిరిగొచ్చిన మనిషి కూడా అక్కడ కొడుకు తోడు లేనిదే వీధి చివరిదాకా వెళ్లడు. ఎదురుచూసి చేసిన ప్రయాణంలో సగం రోజులు సోఫాలోనే గడిచిపోతాయి.

దీనికి ఇంగ్లిషు రాకపోవడం ఒక్కటే కారణం కాదు. మన ఊళ్లలో దారి తెలుసుకునే పద్ధతి వేరు. ‘రామాలయం దాటాక టీకొట్టు పక్క సందు’ అంటాం. సందేహం వస్తే నలుగుర్నీ అడుగుతాం. లండన్‌లో చిరునామా అంటే ఇంటి నంబరు, వీధి పేరు, పోస్ట్‌కోడ్‌... అంతే. ఇక్కడ టీకొట్టు చేసే పని అక్కడ మ్యాప్‌ చెయ్యాలి.

మరి ఏ మ్యాప్‌? ఒక్కటి చాలదు. ‘ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి?’, ‘దిగాక ఎటు నడవాలి?’, ‘ఇప్పుడు నేనెక్కడున్నాను?’... ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పే మ్యాపులు వేరు వేరు. ఒకదాన్ని అడగాల్సింది ఇంకోదాన్ని అడిగినప్పుడే చిక్కంతా!

రైలు వరకే ఆ గీతలు

లండన్‌ వెళ్లినవారి చేతికి మొదట వచ్చేది ట్యూబ్‌ మ్యాప్‌. భూగర్భ రైళ్ల మార్గాలను రంగురంగుల గీతల్లో చూపే బొమ్మ. హ్యారీ బెక్‌ అనే డ్రాఫ్ట్స్‌మన్‌ 1931లో దీన్ని గీశాడు. 1933లో జేబు మ్యాపుగా అచ్చయింది. కరెంటు సర్క్యూట్‌ బొమ్మలాగా గీతలన్నీ నిలువుగానో, అడ్డంగానో, 45 డిగ్రీల వాలుగానో ఉంటాయి. సొరంగంలో వెళ్లే మనిషికి రైలు ఎన్ని వంకర్లు తిరిగిందో అక్కర్లేదు, ఎక్కడ మారాలో తెలిస్తే చాలన్నది అతని ఆలోచన. అందుకే కిక్కిరిసిన నగరం నడిబొడ్డును సాగదీశాడు, శివార్లను దగ్గరికి లాగాడు.

రైలెక్కడానికి ఇంతకన్నా మంచి మ్యాప్‌ లేదు. నడవడానికి మాత్రం దీన్ని నమ్మకూడదు. లీసెస్టర్‌ స్క్వేర్‌, కోవెంట్‌ గార్డెన్‌ స్టేషన్ల మధ్య దూరం సుమారు 260 మీటర్లే. ఆ సంగతి తెలియక అంత లోతుకి దిగి, రైలెక్కి, మళ్లీ పైకొచ్చేవాళ్లు ఎందరో. కోవెంట్‌ గార్డెన్‌లో లిఫ్ట్‌ కోసం ఆగలేక మెట్లెక్కితే 193 మెట్లు! అలాగే పాడింగ్టన్‌, లాంకాస్టర్‌ గేట్‌ స్టేషన్లు. రెండిటి మధ్య నేరుగా రైలు లేదు. నడిస్తే పది నిమిషాలు. ఈ తిప్పలు తెలిసే, స్టేషన్ల మధ్య ఎన్ని నిమిషాల నడకో చూపే మ్యాపును అక్కడి రవాణా సంస్థ 2015లో విడుదల చేసింది. మెట్లు ఎక్కకుండా వెళ్లగలిగే స్టేషన్లను చూపే మ్యాప్‌ కూడా ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారు మామూలు మ్యాప్‌ బదులు దాన్నే తీసుకోవాలి.

బంధువుల ఇంటి అలమరలో దొరికిన పాత మ్యాప్‌ వద్దు. 2022 మేలో ఎలిజబెత్‌ లైన్‌ మొదలైంది. 2024 నవంబరులో ఓవర్‌గ్రౌండ్‌ రైళ్లకు లయనెస్‌, మిల్డ్‌మే, విండ్‌రష్‌ వంటి ఆరు కొత్త పేర్లు వచ్చాయి. పాతదాంట్లో ఇవేవీ ఉండవు.

కొనేముందు నాలుగు పరీక్షలు

దిగాక దారి చెప్పేది వీధుల మ్యాప్‌. లండన్‌లో దీనికి పాత పేరు ‘ఏ టు జెడ్‌’. ఫిలిస్‌ పియర్సల్‌ అనే ఆవిడ 1936లో మొదలుపెట్టిన కంపెనీ వేసే పుస్తకం. ఆవిడ లండన్‌లోని 23 వేల వీధులూ కాలినడకన తిరిగి దీన్ని తయారుచేశారని ప్రచారంలో ఉన్న కథ. అంత నడిచారా అని అనుమానించేవారూ లేకపోలేదు. కథ సంగతెలా ఉన్నా పుస్తకం మాత్రం తరాల తరబడి లండన్‌ వాసుల ఇళ్లలో ఉంది.

ఏ కంపెనీదైనా సరే, కొనేముందు నాలుగు సంగతులు చూడండి. మొదటిది స్కేలు. 1:10,000 అని ఉంటే మ్యాప్‌ మీద సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు. సందులు కూడా కనిపిస్తాయి. 1:25,000 అయితే సెంటీమీటరుకు 250 మీటర్లు. చిన్న వీధుల పేర్లు రాయడానికి చోటుండదు. రెండోది చివర్లో వీధుల పట్టిక. లండన్‌లో చర్చ్‌ రోడ్‌ అనేది ఒకటి కాదు, చాలా ఉన్నాయి. పట్టికలో పేరు పక్కన ప్రాంతం కూడా ఇవ్వాలి. మూడోది అంచు. టూరిస్టు మ్యాపులు చాలావరకు నగరం నడిబొడ్డుతో ఆగిపోతాయి. మనవాళ్లు ఉండే ఈస్ట్‌హామ్‌, హౌన్స్‌లో, హారో వాటిలో ఉండవు. షాపులోనే మీ అబ్బాయి వీధి ఉందో లేదో వెతకండి. నాలుగోది అక్షరాలు. కళ్లజోడు పెట్టుకున్నా కనిపించకపోతే ఎంత గొప్ప మ్యాపైనా దండగే.

మనం ఎటు తిరిగి ఉన్నాం?

మూడో ప్రశ్నకు జవాబు రోడ్డు పక్కనే దొరుకుతుంది. 2007 నుంచి లండన్‌ వీధుల్లో నిలువెత్తు మ్యాపు పలకలు పెడుతూ వచ్చారు. మీరున్న చోటు నుంచి 5 నిమిషాల్లో, 15 నిమిషాల్లో నడిచి చేరగల మేర ఎంతో వాటిమీద వలయాలు గీసి ఉంటుంది. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. పుస్తకంలో పై భాగం ఉత్తరం. పలక మీద మాత్రం పై భాగం అంటే మీ ఎదుటి దిక్కు!

ఇక్కడ నది కూడా తికమక పెడుతుంది. థేమ్స్‌ పడమటి నుంచి తూర్పుకు పారుతుందని విని ఉంటాం. వెస్ట్‌మినిస్టర్‌ దగ్గర అది ఉత్తరానికి తిరిగి, వాటర్లూ దగ్గర మళ్లీ తూర్పుకు మళ్లుతుంది. వెస్ట్‌మినిస్టర్‌ వంతెన దాటితే వెళ్లేది తూర్పుకే. వీధుల మ్యాపులో ఈ వంపు ఒకసారి చూసి పెట్టుకుంటే సగం నగరం తెలిసినట్టే.

‘చేతిలో ఫోనుండగా ఇవన్నీ ఎందుకు?’ అంటారా? ఫోను మంచిదే. మీరెక్కడున్నారో చెప్పడంలో దానికి సాటి లేదు. కానీ ఎత్తయిన భవనాల మధ్య ఆ నీలం చుక్క పక్క వీధిలోకి జరిగిపోతుంటుంది. చార్జింగ్‌ అయిపోతే అదీ ఉండదు. ఆ ప్రాంతం మ్యాపును ఇంట్లో వైఫై ఉండగానే ఫోనులోకి దించుకోండి. కాగితం మ్యాప్‌ వెనక ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్‌, పిల్లల ఫోన్‌ నంబరు రాసుకోండి.

మూడు మ్యాపులూ కలిసి ఎలా పనిచేస్తాయో ఒక ఉదాహరణ. బ్రిటిష్‌ మ్యూజియం చూడాలి. టాటెన్‌హామ్‌ కోర్ట్‌ రోడ్‌, హోబర్న్‌... ఈ రెండు స్టేషన్ల నుంచీ అది అర కిలోమీటరే అని వీధుల మ్యాప్‌ చెబుతుంది. మొదటిదానిలో మెట్లెక్కే పని లేదు, రెండోదానిలో తప్పదు అని రైలు మ్యాప్‌ చెబుతుంది. పైకి వచ్చాక ఎటు తిరగాలో రోడ్డు పక్క పలక చెబుతుంది. లోపల 33ఏ గదిలో అమరావతి స్తూపం శిల్పాలు ఉంటాయి. కృష్ణ ఒడ్డు నుంచి బయల్దేరి 1880లో ఆ మ్యూజియం చేరినవి. వాటిని చూడ్డానికి శనివారం దాకా ఆగక్కర్లేదు. మంగళవారం వెళ్లి, పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటికి చేరుకోవచ్చు!