ఆ చచ్చినవాడికీ ఓ ఇల్లుంటుంది కదా

బొమ్మలు కదిలితే చాలు, అది పిల్లల సరుకే అని మనలో చాలామంది తేల్చేస్తాం. ఇంట్లో పనుందంటే పిల్లవాడి ముందు ఏదో ఒక కార్టూన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. అలా పెట్టకూడని బొమ్మల కథ ఒకటుంది. అయితే దాన్ని పెద్దవాళ్ళు తప్పకుండా చూడాలంటాను నేను.

దాని పేరు రురౌని కెన్షిన్. మా మరిది అమెరికా నుంచి తెచ్చిన డీవీడీ అట్ట మీద మాత్రం సమురాయ్ ఎక్స్ అని ఉంది. నొబుహిరో వాట్సుకి 1994లో మొదలుపెట్టిన బొమ్మల కథ దీనికి మూలం. 1996 నుంచి జపాన్ టీవీలో సీరియల్‌గా వచ్చింది. అందులో కెన్షిన్ నవ్వుతూ, తుళ్ళుతూ ఉండే దేశదిమ్మరి. చంపనని ఒట్టు పెట్టుకుని, పదును తిరగేసి ఉన్న కత్తి పట్టుకు తిరుగుతుంటాడు. చెంప మీద మాత్రం ఇంటూ గుర్తులా కత్తిగాటు. ఆ గాటు ఎలా పడిందో చెప్పే పూర్వకథని 1999లో నాలుగు భాగాలుగా, టీవీలో కాకుండా నేరుగా వీడియో క్యాసెట్లలో విడుదల చేశారు. దర్శకుడు కజుహిరో ఫురుహాషి.

నేరుగా వీడియోలో రావడం వల్లే దానికా స్వేచ్ఛ. టీవీ సీరియల్‌ని సాయంత్రం ఇంటిల్లిపాదీ చూస్తారు, నెత్తురు అట్టే చూపించకూడదు, మధ్యమధ్య నవ్వించాలి. క్యాసెట్ కొనుక్కునేది మాత్రం పెద్దవాళ్ళు. అందుకని ఇందులో హాస్యం దాదాపు లేదు. వాన, మంచు, మౌనం. నెత్తురు కూడా చాలానే ఉంది, దాచను.

కథాకాలం 1860ల క్యోటో. షోగున్ పాలనని కూలదోయాలని చోషూ వాళ్ళు, నిలబెట్టాలని షిన్‌సెన్‌గుమి వాళ్ళు. 1864లో ఇకెదయా సత్రం మీద జరిగిన దాడి, ఆ తర్వాత నగరం తగలబడటం నిజంగా జరిగినవే. చోషూ నాయకుడు కత్సురా కొగొరో కూడా చరిత్రలో ఉన్నవాడే. పద్నాలుగేళ్ళ కుర్రాడైన కెన్షిన్‌ని హంతకుడిగా వాడుకునేది ఈ పెద్దమనిషే. ప్రజల కోసం అని నమ్మి ఆ పిల్లవాడు రాత్రుళ్ళు మనుషుల్ని నరుకుతాడు. కెన్షిన్ పాత్రకి ఆధారమైన కవాకమి గెన్సాయ్ అనే అసలు మనిషిని చివరికి కొత్త ప్రభుత్వమే చంపించింది. ఉద్యమాలు గెలిచాక, గెలిపించిన చేతుల్ని పక్కన కూర్చోబెట్టుకోవడం ఎక్కడైనా తక్కువే!

నన్ను పట్టుకున్నది మాత్రం యుద్ధం కాదు. ఒక రాత్రి కెన్షిన్ చేతిలో కియోసాతో అనే యువకుడు చనిపోతాడు. చావడం ఇష్టం లేక, పెళ్ళి చేసుకోవాల్సిన పిల్ల పేరు తలుచుకుంటూ నేల మీద పాకుతాడు. ఆ పెనుగులాటలోనే కెన్షిన్ చెంప మీద మొదటి గాటు పడుతుంది. అది ఎంతకీ మానదు. ఆ పిల్ల పేరు తొమోయే. పగ తీర్చుకోవడానికి ఆమె కెన్షిన్ దగ్గరికే చేరుతుంది. ఊరు తగలబడ్డాక ఇద్దరూ ఓత్సు అనే పల్లెలో మొగుడూపెళ్ళాల్లా కాపురం పెడతారు. మొదట అది వేషమే.

ఆ పల్లె భాగం కోసమైనా ఇది చూడమంటాను. అతను కూరగాయలు పండిస్తాడు, మందులు అమ్ముకొస్తాడు. ఆమె వండుతుంది, రాత్రి డైరీ రాసుకుంటుంది. హత్యలు చేసిన రోజుల్లో సాకే తాగితే నెత్తురు రుచే తగిలిన ఆ కుర్రాడికి ఇక్కడ మొదటిసారి ఆ సారా రుచిగా అనిపిస్తుంది. మాటలు తక్కువ. వండిపెట్టే చేతి మీద ఇంత శ్రద్ధ పెట్టిన యుద్ధకథ నేను మరొకటి చూడలేదు. తను చంపినవాడు పోగొట్టుకున్నది ఇదేనని అతనికి తెలిసేది ఇక్కడే.

మన సినిమాల్లో హీరో ఒక్క ఊపులో ఇరవైమందిని నరుకుతాడు. ఆ ఇరవైమంది ఇళ్ళలో ఆ రాత్రి ఎవరు అన్నం ముందు కూర్చుని ఎదురుచూశారో ఒక్క షాటైనా ఉండదు. సీమ కక్షల మీద ఎన్ని సినిమాలొచ్చినా, వాటిలో ఆడవాళ్ళు ఏడ్చే పని ఐదు నిమిషాల్లో ముగించి పక్కకి తప్పుకోవాలి. నిజానికి మనకిది కొత్తేమీ కాదు. భారతంలో యుద్ధం అయ్యాక స్త్రీపర్వం అని ఒక పర్వమే ఉంది. తిక్కన దాన్ని వదిలేయకుండా తెలుగు చేశాడు. మనం తెర మీదికి యుద్ధపర్వాలే తెచ్చుకున్నాం.

నాకు నచ్చనిదీ ఉంది. తొమోయే చివరికి అతన్ని కాపాడబోయి అతని కత్తికే అడ్డుపడుతుంది. చనిపోతూ తన చిన్నకత్తితో ఆ చెంప మీద రెండో గాటు పెడుతుంది. అందంగా తీశారు, ఏడిపించారు, కాదనను. కానీ మగవాడికి జ్ఞానోదయం కావడానికి ఆడది చావాలనే పాత లెక్క ఇక్కడా తప్పలేదు. ఆమె బతికుంటే ఆ గాటు కంటే కష్టమైన ప్రశ్నలు వేసేదేమో. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి దగ్గర, అతనికి జవాబు చెప్పక తప్పేది కాదు.

మా వాడు పదహారో ఏట చూస్తానన్నాడు. పక్కన కూర్చుని చూడమన్నాను, కూర్చున్నాను. అంతకన్నా చిన్నపిల్లలకి వద్దు. మొదటి పది నిమిషాల్లోనే, తనని కాపాడిన ఆడవాళ్ళనీ, వాళ్ళని చంపిన దొంగలనీ కూడా ఒక పసివాడు ఒంటరిగా పూడ్చిపెట్టే దృశ్యం ఉంటుంది. మా వాడు అక్కడ ఆపించి, “దొంగలకెందుకమ్మా సమాధి?” అన్నాడు. దాని మీదే చాలాసేపు మాట్లాడుకున్నాం. మిగతాది మర్నాడు చూశాం.