ఉచితం ఎవరి మీటరుకు వస్తోంది?

"పన్నులు కట్టేది మనం, ఉచితాలు తినేది వాళ్లు." పెళ్లి భోజనాల దగ్గరా అపార్ట్‌మెంట్ మీటింగుల్లోనూ ఈ మాట వినని నెల లేదు. చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు కూడా ఇదే అంటారు. కరెంటు, గ్యాస్ రాయితీల విషయంలో ఇది తప్పు. ఎందుకు తప్పో చెప్తాను.

మా వీధి చివర ఒక ఇంట్లో నాలుగు పోర్షన్లున్నాయి, అన్నీ ఒంటి గదులే. కరెంటు ఆఫీసు బిగించిన మీటరు ఒక్కటే, అదీ ఓనరు పేరున. గదికో సబ్‌మీటరు. ఒకటో తారీకున ఓనరు వచ్చి, రీడింగు చూసి, జేబులోని చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. యూనిట్‌కు 10 రూపాయలు. ఒక గదిలో బట్టలు కుట్టే ఆమె ఉంటుంది. రెండు లైట్లు, ఒక ఫ్యాను, టీవీ, కుట్టుమిషన్ మోటారు కలిపి 80 యూనిట్లు కాలుతాయి. నెలకు 800 కడుతుంది.

అదే ఆమెకు సొంత మీటరు ఉంటే? తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న ధరల ప్రకారం మొదటి 50 యూనిట్లకు 1.95, తర్వాతి 50కి 3.10. ఇతర చార్జీలు వదిలేస్తే 190 రూపాయల చిల్లర. రేషన్ కార్డుంది కాబట్టి, నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమిచ్చే గృహజ్యోతి పథకం కింద అదీ కట్టక్కర్లేదు. కానీ నాలుగు గదుల యూనిట్లూ ఒకే మీటరులో పడి 200 దాటిపోతాయి. రాయితీ ఆ గుమ్మం దాకా కూడా రాదు. ఉచితాలు తింటోందని మనం అనే మనిషి ఈమే.

గ్యాస్ సంగతీ ఇంతే. కొన్నేళ్లపాటు ప్రతి ఇంటికీ ఏడాదికి 12 సిలిండర్ల దాకా రాయితీ ఇచ్చారు. ఏడాదికి 10 లక్షలు పైబడిన ఆదాయం ఉన్న ఇళ్లను తప్పించింది 2016 జనవరిలోనే. అప్పటిదాకా వాళ్లకూ అందింది. పేద ఇళ్ల కోసం పెట్టిన ఉజ్వల పథకం కింద కనెక్షన్ వచ్చిన ఇల్లు 2019-20లో సగటున వాడింది మూడు సిలిండర్లు. సిలిండరుకు ఇంత అని ఇస్తే, మూడు వాడిన ఇంటికి మూడింటి రాయితీ, పన్నెండు వాడిన ఇంటికి పన్నెండింటి రాయితీ. పైగా ముందు మొత్తం డబ్బు కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. కూలి డబ్బుల్లోంచి ఒక్కసారిగా అంత తీయలేక పొయ్యిలో కట్టెలు పెట్టుకునే ఇళ్లు నేను చూశాను. ఇది సోమరితనం కాదు.

పొలం మోటార్ల కరెంటు గురించి ఒక్క మాట. 2004 మే 14న సంతకం పడ్డ ఉచిత విద్యుత్తు ఎందరో రైతుల్ని నిలబెట్టింది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే మూడు బోర్లున్న రైతుకు మూడు మోటార్ల కరెంటు, ఒక్క బోరున్న రైతుకు ఒక్క మోటారు కరెంటు. బోరే లేని కూలికి ఏమీ లేదు.

"అయితే అన్నీ ఎత్తేయండి" అనేవాళ్లతో అసలు ఒప్పుకోను. కరెంటు చార్జీల పెంపు మీద నిరసనకు దిగినవాళ్లపై 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల్ని ఈ నేల మరచిపోలేదు. ఎత్తేస్తే మొదట ఆరిపోయేది ఆ కుట్టుమిషనే. తప్పంతా ఇచ్చే పద్ధతిలో ఉంది. యూనిట్ల మీదా సిలిండర్ల మీదా కాకుండా ఇంటి మీద ఇవ్వండి. ప్రతి అద్దె గదికీ విడి మీటరు బిగించండి, ఆ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి.

విడి మీటరుకు దరఖాస్తు పెట్టుకోమని ఆ బట్టలు కుట్టే ఆమెకు చెప్పి చూశాను. ఓనరు ఒప్పుకోవాలి కదండీ, అంది. అడిగితే గది ఖాళీ చేయమంటాడేమోనని ఇప్పటిదాకా అడగలేదు.