బొబ్బలు పెట్టకండి

తెలుగులో బొబ్బ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. చర్మం మీద నీరు పట్టి పొంగేది ఒకటి. గొంతు చించుకుని పెట్టే కేక ఇంకొకటి. బేస్ గిటార్ వాయించే మన కుర్రకారు దగ్గర ఈ రెండూ కలిసిపోయాయి. వేలికి బొబ్బ లేస్తే చాలు, బొబ్బ పెట్టాల్సిందే. ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. మసక వెలుతురు, వెనక గిటార్, ముందు చిట్లిన రెండు వేలికొసలు, కింద “సాధన” అని ఒక్క మాట. దాని కింద నిప్పు బొమ్మలు, దండాల బొమ్మలు. ఆ వేళ్లు ఏం వాయించాయో ఎవరూ అడగరు.

నాకు ఆ ఫొటో మీద కోపం. ఒకప్పుడు నేనూ అలాంటి ఫొటో తీసుకున్నాను కాబట్టి ఆ కోపంలో కొంత నా మీద కూడా.

మా ఇల్లు కంచన్‌బాగ్‌లో. ఊరంతా లోహమే. డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఎల్, మిధాని, బీడీఎల్ గోడల పక్కనే మా బస్సులు తిరుగుతాయి. ఇక్కడ చాలా ఇళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక లోహాన్ని కరిగించో, కోసో, కొలిచో బతికినవాళ్లే. మా నాయిన ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నేను సెకండ్ హ్యాండ్‌లో ఒక బేస్ కొని మేడ మీద మొదలుపెట్టాను. పది రోజులకే కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు బొబ్బలెక్కాయి. నేర్పే ఆయన సంతోషించాడు. రక్తం చూడందే బేస్ రాదన్నాడు. నేను ఆ వేళ్లను పదో తరగతి మార్కుల మెమోలాగా తెచ్చి నాయినకి చూపించాను.

ఆయన వేళ్ల వంక చూడలేదు. గిటార్ తీసుకుని, ఒక కన్ను మూసి, కడ్డీ వంకర చూసినట్టు దాని మెడ పొడుగూతా చూశాడు. “తీగలు ఇంత ఎత్తున ఉన్నయేంది?” అన్నాడు. తర్వాత అన్న మాట ఇది: “బొబ్బలొచ్చినయంటే పని ఎక్కువ చేసినవని కాదు బిడ్డా. పనిముట్టన్న తప్పుంటది, పట్టుకునుడన్న తప్పుంటది.”

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ వాళ్లకి మొదట చేయించేది ఫైలింగ్. ఆకురాయి పట్టుకుని ఇనుప దిమ్మను చదును చెయ్యాలి. కొత్తగా చేరినవాడు పిడిని పీక పిసికినట్టు పట్టుకుంటాడు, సాయంత్రానికి అరచేయి బొబ్బలు. ఆ బొబ్బ చూసి షాపులో ఎవరూ చప్పట్లు కొట్టరట. వీడికింకా పట్టుకోవడం రాలేదు అనుకుంటారంతే. పదేళ్లు చేసినవాడి చేతికి కాయలుంటాయి, బొబ్బలుండవు. చేతులతో బతికేవాళ్లకి బొబ్బ అంటే నేర్చుకోని పని. మరి మనకి అది భక్తి ఎట్లా అయింది?

కాయ, బొబ్బ ఒకటే అనుకోవడం దగ్గరే మన లెక్క తప్పింది. వేలికొస మీద చిన్న ఒత్తిడి రోజూ పడుతూ, మధ్యలో విశ్రాంతి దొరుకుతూ ఉంటే చర్మం పైనున్న మృతకణాల పొర మెల్లగా మందమవుతుంది. అది కాయ. దానికి వారాలు పడుతుంది. భాష కూడా అందుకే కాయ “కాసింది” అంటుంది, చెట్టుకి చెప్పినట్టు. ఒకేసారి గట్టి రాపిడి పడితే చర్మం లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారి విడిపోతాయి, ఆ సందులోకి నీరు చేరుతుంది. అది బొబ్బ. అది చిట్లితే పై తోలు ఊడిపోతుంది, కింద పచ్చి చర్మం తేలుతుంది. మందం కావాల్సిన చోటే పలచబడింది. బొబ్బలు ముదిరి కాయలవుతాయన్నది పచ్చి అబద్ధం. బొబ్బ వచ్చిన ప్రతిసారీ కాయ కొన్ని రోజులు వెనక్కి పోతుంది. కాయ మరీ దళసరిగా పెరిగినా, దాని కిందే బొబ్బ లేచి మొత్తం పెచ్చులా ఊడొచ్చిన వాళ్లున్నారు.

బేస్‌కి ఈ బాధ ఎక్కువే, ఒప్పుకుంటాను. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో అన్నిటికంటే సన్నని తీగ 0.010 అంగుళం ఉంటే, బేస్‌లో అన్నిటికంటే లావు తీగ 0.105 అంగుళం దాకా ఉంటుంది. పదిరెట్లు. ఒక్కో తీగకీ సుమారు 20 కిలోల బరువు వేలాడదీసినంత బిగువు. గిటార్ వాళ్లకి ఎక్కువగా తీగ నొక్కే ఎడమచేతి వేళ్లే మండుతాయి. పిక్ లేకుండా వాయించే బేసిస్టుకి తీగ లాగే కుడిచేతి వేళ్లు కూడా. తీగ పైన చుట్టు గుండ్రటి తీగతో వేసినదైతే, ఆ గరుకు ఆకురాయి లాంటిదే.

అందుకే కదా ఇక్కడ తెలివి కావాల్సింది. నా బేస్ మీద 12వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు 4 మిల్లీమీటర్లు దాటింది. మామూలుగా 2, 2.5 చాలు. హైదరాబాద్ ఎండకి ఆరి, వానలకి చెమ్మ పీల్చి గిటార్ మెడ వంగుతూ ఉంటుంది. లోపలున్న ట్రస్ రాడ్‌ని కొంచెం తిప్పి, బ్రిడ్జి దగ్గర తీగల్ని దించాలి. గంట పని. చుట్టు నునుపుగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు దొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యమైనదీ, మన బేస్ పిల్లలకి ఎవరూ చెప్పనిదీ ఒకటుంది: అది విద్యుత్ వాయిద్యం. శబ్దం సరిపోకపోతే ఆంప్ మీద నాబ్ తిప్పాలి గానీ వేలితో తీగని పీకకూడదు. నా వేళ్లు పేలిన ఆ పది రోజులూ మేడ మీద ఆంప్ సగం కూడా తిప్పలేదు నేను. పక్కింటి వాళ్లకి వినపడకూడదని సౌండ్ తగ్గించి, నాకు వినపడాలని వేళ్లతో పీకాను. దానికి సాధన అని పేరు పెట్టుకున్నాను.

ఇదంతా సుకుమారుల మాట, గొప్పవాళ్లు ఇలా లెక్కలు వేసుకున్నారా అని అడుగుతారు. వేసుకున్నారు. కరోల్ కే అమెరికా స్టూడియోల్లో లెక్కలేనన్ని రికార్డులకి బేస్ వాయించింది పిక్‌తో. గ్యారీ విల్లిస్ అయితే వేళ్లు తీగల కిందికి లోతుగా దిగకుండా గిటార్ మీద ఒక చెక్కముక్క బిగించుకున్నాడు, తేలిగ్గా మీటడమే జీవితమంతా బోధించాడు. మోటౌన్ బేసిస్టు జేమ్స్ జేమర్సన్ తీగలు బాగా ఎత్తులో ఉండేవన్నది నిజమే. ఆయన నిలువెత్తు డబుల్ బేస్ నుంచి వచ్చినవాడు, ఆ చేతికి ఆ ఎత్తు అలవాటు. వాయించింది కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో, ఫ్లాట్‌వౌండ్ తీగల మీద. ఆయన తీగల ఎత్తు అరువు తెచ్చుకుంటే ఆయన సంగీతం వెంట రాదు. ఇక రాక్ చరిత్రలో అందరికీ తెలిసిన బొబ్బల కేక 1968లో బీటిల్స్ ‘హెల్టర్ స్కెల్టర్’ చివర వినిపించేది. అరిచింది రింగో స్టార్. ఆయన డ్రమ్మర్!

అంత దూరం కూడా పోనక్కర్లేదు. 1982లో మా కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌కి డైరెక్టర్‌గా వచ్చిన అబ్దుల్ కలాంకి వీణ వచ్చు. వీణ వాయించేవాళ్లని దగ్గర్నుంచి చూడండి. ఎడమచేతి వేళ్లకి తీగ గీతలు పడి కాయలు కాసి ఉంటాయి. పక్కన చిన్న గిన్నెలోనో, దూదిలోనో కాస్త నూనె ఉంటుంది. వేళ్లకి రాసుకుంటే తీగ మీద జారుతాయి. వీణ మీద 24 ఇత్తడి మెట్లు మైనంలో నిలబడి ఉంటాయి. అవి సరిగ్గా లేకపోతే మైనం కరిగించి మళ్లీ కూర్చోబెట్టిస్తారు. వేళ్లనే అరగదీసుకుని సర్దుకోరు. డప్పు చూడండి. తోలు చల్లబడి మెత్తబడితే డప్పు కళాకారుడు ఇంకా గట్టిగా బాదడు. మంట దగ్గరికి తీసుకెళ్లి కాస్తాడు. తోలు బిగుస్తుంది, తేలిక దెబ్బకే మోగుతుంది. వాయిద్యాన్ని సరిచేసుకునే ఈ తెలివి మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఎక్కడిదో రాక్‌స్టార్ పురాణం నమ్మి మనం దాన్ని వదిలేశాం.

సరే, వేళ్లు వాళ్లవి, బొబ్బలు వాళ్లవి, నీకేంటి నొప్పి అంటారా? రెండు నొప్పులున్నాయి.

మొదటిది, ఈ పురాణం మనుషుల్ని తరిమేస్తుంది. రెండు వారాలు వాయించి, బొబ్బలెక్కి, ఇది నా వల్ల కాదు, నాలో ఆ కసి లేదు అని గిటార్ మంచం కిందికి తోసేసిన వాళ్లు నాకు తెలుసు. వాళ్లలో కసి లేక కాదు. తీగలు ఎత్తుగా ఉన్నాయి, అంతే. చిన్న చేతులున్న అమ్మాయిలకి ఈ తీర్పు ఇంకా తొందరగా దొరుకుతుంది. పరికరం తప్పుని మనిషి స్వభావం మీద రుద్దే గురువుకి దీనివల్ల ఎంత హాయో చూడండి. సెటప్ నేర్పక్కర్లేదు, చేతి వాటం దిద్దక్కర్లేదు. రక్తం కార్చమంటే చాలు. నిలబడినవాడు తన శిష్యుడు, వెళ్లిపోయినవాడు పిరికివాడు.

రెండోది, ఎవరి కాయలు ఫొటోకెక్కుతున్నాయన్నది. కంచన్‌బాగ్ నుంచి కొద్ది కిలోమీటర్లు పోతే లాడ్ బజార్. అక్కడి లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గాజు చెయ్యాలంటే బొగ్గుల మీద లక్కని వేడి చేసి, మెత్తగా ఉన్నప్పుడే సాగదీసి, వంచి, అద్దాలూ రాళ్లూ అద్దాలి. వేడి చల్లారేదాకా వేళ్లు ఆగడానికి వీల్లేదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ల వేళ్లనూ తలుచుకోండి. కూలిపనిలో వేళ్లు అరిగిపోయిన వాళ్లకి రేషన్ షాపులో ఈ-పాస్ యంత్రం మీద వేలిముద్ర పడదు. తుడిచి, తడిపి, మళ్లీ పెట్టి, ఇంకో వేలు పెట్టి, పడకపోతే కంటిపాప చూపించాలి, లేదంటే రేపు రమ్మంటారు. నా వేలు కూడా ఒకసారి ఆఫీసు హాజరు యంత్రం మీద పడలేదు. నేనది నవ్వుతూ అందరికీ చెప్పుకున్నాను. అదే కాయ నాకు పార్టీలో చెప్పుకునే కబురు, ఇంకొకరికి బియ్యం సంచి. కావాలని తెచ్చుకున్న నొప్పిని నగలా పెట్టుకోవడం, ఎప్పుడంటే అప్పుడు ఆ నొప్పి మానుకోగలిగిన వాళ్లకే కుదురుతుంది. బతుకు కోసం చేతులు కాయలు కాయించుకున్న మా నాయిన ఆ చేతుల్ని ఎప్పుడూ ఫొటో తీయించుకోలేదు. సబ్బు రాసి మెత్తబడేదాకా రుద్దుకునేవాడు.

ఇది సాహిత్యం చదివే చోటు కాబట్టి ఇంకో మాట. ఈ జబ్బు గిటార్ వాళ్లకే ఉందనుకోకండి. మన పుస్తకావిష్కరణ సభల్లో కూర్చుని లెక్కపెట్టండి, నెత్తురు ఎన్నిసార్లు కారుతుందో. గాయాల్లోంచి రాశాడు, గుండె కోసి రాసింది, ప్రతి అక్షరం వెనకా కన్నీళ్లున్నాయి. ఉండొచ్చు. వాక్యం ఎలా ఉంది? పద్దెనిమిదో పేజీలో ఆ పోలిక నిలబడిందా? కథ మూడో భాగంలో ఎందుకు కుంటింది? ఇవి అడిగినవాడు రాతిగుండె మనిషి. గాయం చూపించాక ఇక వాక్యాన్ని దిద్దడం పాపం. ఎడిటింగ్ అంటే తీగలు దించడం, మెట్లు సర్దడం, డప్పు కాయడం. అది చెయ్యకుండా రచయిత బొబ్బని ముద్దుపెట్టుకునే సమీక్ష, నా పది రోజుల బేస్ మాస్టారి సంతోషం లాంటిదే.

నొప్పే వద్దంటున్నానని అనుకోవద్దు. మొదటి వారాల్లో వేలికొసలు సలుపుతాయి. అది మామూలే. రోజూ ఇరవై నిమిషాలు వాయించండి, సలుపు ఎక్కువైతే ఆపండి, రేపు మళ్లీ కూర్చోండి. వేడెక్కి, తడిగా మెరుస్తూ చర్మం జారుతున్నట్టనిపిస్తే అప్పుడే గిటార్ కింద పెట్టండి. లేచిన బొబ్బని గిల్లకండి. కాయలు వాటంతటవే కాస్తాయి. నాకూ ఉన్నాయి, ఈ వ్యాసం వాటితోనే టైప్ చేశాను. వాటిని చూపించి ఏమీ రుజువు చెయ్యలేను.

‘గీతాంజలి’ (1989) పాటలు మళ్లీ పెట్టుకుని ఈసారి కింది స్వరాన్ని మాత్రమే వినండి. ఇళయరాజా పాటల్లో ఆ బేస్ ఎక్కడ ఆగుతుందో, గొంతుకి ఎక్కడ దారిస్తుందో వినండి. దాన్ని మీటిన వేళ్ల ఫొటో మనలో ఎవరూ చూడలేదు, చూడాలని ఎవరికీ తోచలేదు కూడా. ఈసారి మీ స్నేహితుడెవరైనా చిట్లిన వేళ్లు చూపిస్తే దండం పెట్టకండి. కాస్త దూది ఇచ్చి, గిటార్ ఇటివ్వమని అడిగి, ఒక కన్ను మూసి దాని మెడ వంక చూడండి.