తప్పు మిషన్‌ది కాదు, బటన్ నొక్కే చేతిది

హోసూరు, కృష్ణగిరిలో ఈ ఎండలకు మనోళ్లలో ఎవరింటికి పోయినా క్యాప్సూల్ మిషన్ కోల్డ్ కాఫీ ఇస్తున్నారు. మర్యాదకు తాగుతున్నాం గానీ, అది గ్లాసు కడిగిన నీళ్లు! ‘మిషన్ అంతే’ అంటారు. కాదండీ. క్యాప్సూల్‌లో ఉండేదే 5, 6 గ్రాముల పొడి. పెద్ద బటన్ నొక్కి 110 మిల్లీలీటర్లు తీసి, మీద రెండు ఐసు ముక్కలేస్తే పోసిన డబ్బూ, పిలిచిన మర్యాదా రెండూ నీళ్లపాలే. చిన్న బటన్ నొక్కండి, 40 చాలు. చక్కెర వేడిలోనే కరిగించి, గ్లాసు నిండా ఉన్న ఐసు మీద పోయండి. ఐసు ఎక్కువైతే పలచనవుతుందనేది ఒట్టి భ్రమ. తక్కువైతేనే అంతా కరిగిపోతుంది. చల్లటి పాలు ఆఖర్న. (నన్నడిగితే, ఇత్తడి ఫిల్టర్‌లో దించిన చిక్కటి డికాక్షన్ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఈ మిషనే అక్కర్లేదు.) ఇంత చెప్పినా పెద్ద బటనే నొక్కుతామంటారా? సరే, నాకు మాత్రం మజ్జిగ ఇవ్వండి.